చీమకుర్తి రోడ్డులో సమాధి రాళ్ళ షాపు: బాబాయి రాయి చేయించాక రాస్తున్న రివ్యూ

తెలుగు అక్షరాలు తీరుగా చెక్కించుకోవాలంటే ఈ షాపుకు వెళ్ళండి. ఫొటో చెక్కించాలంటే ఇంకో చోటు చూసుకోండి. తొందరలో ఉంటే మాత్రం అసలు వెళ్ళకండి, అందులోనూ అక్టోబరులో.

షాపుకు పేరంటూ లేదు. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి వైపు వెళ్తుంటే గ్రానైట్ ఫ్యాక్టరీలు మొదలయ్యాక ఎడమ చేతి పక్కన రేకుల షెడ్డు కనిపిస్తుంది. బోర్డు మీద "సమాధులు, శిలాఫలకాలు, గృహప్రవేశం పలకలు చేయబడును" అని ఉంటుంది, కింద ఫోన్ నంబరు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. రాయి కోసే మిషన్ మోతలో వినపడదట. నేరుగా వెళ్ళడమే మేలు.

మేం వెళ్ళింది మా బాబాయి కోసం. పోయిన ఫిబ్రవరిలో, 62 ఏళ్ళకు, నిద్రలోనే గుండె ఆగిపోయింది. సమాధి అప్పుడే సిమెంటుతో కట్టించాం గానీ రాయి పెట్టలేదు. నవంబరు 2న మా క్రైస్తవుల సమాధుల పండుగ కదా, ఆ లోపల రాయి నిలబెట్టాలని పిన్ని పట్టుదల. తమ్ముడు బెంగళూరులో, నేను హైదరాబాదులో. ఆగస్టులో వరుసగా సెలవులు కలిసొస్తే ఇద్దరం దిగాం, పిన్నిని ఎక్కించుకుని వెళ్ళాం. "తమ్ముడు" అంటే బాబాయి కొడుకు. నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న పోతే నన్నూ అమ్మనూ ఇంటికి తెచ్చుకుంది బాబాయే కాబట్టి మా ఇంట్లో ఈ లెక్కలు ఎవరూ వేయరు. ఈ విషయం ఊరికే చెప్పడం లేదు, రాయి మీద పేర్ల దగ్గర మళ్ళీ వస్తుంది.

ముందు రాయి సంగతి. చీమకుర్తి అనగానే గెలాక్సీ గ్రానైట్. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఇక్కడి క్వారీల నుంచి దేశదేశాలకు పోతుంది. మన జిల్లా రాయి, మన మనిషి, ఇంకేం కావాలి అనుకుని అదే అడిగాం. షాపు నడిపే పెద్ద మేస్త్రి వెంటనే ఊ అనలేదు. "పోటో పెడతారా?" అని అడిగాడు. పెడతాం అన్నాడు తమ్ముడు. "అయితే గెలాక్సీ వద్దు బాబూ. లేజరుతో ముఖం గీస్తే ఆ చుక్కలన్నీ మొహాన మచ్చల్లాగా పడతాయి. పోటోకి చుక్క లేని నలుపు కావాలి. అక్షరాలకైతే గెలాక్సీ బాగుంటది." ఖరీదైన రాయి అమ్ముకునే అవకాశం వచ్చినా ఇలా చెప్పాడంటే నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

చివరికి తలరాయి గెలాక్సీలో, ఫొటో మటుకు అడుగు చదరపు నల్ల పలక మీద విడిగా చేసి అందులో పొదిగేట్టు మాట్లాడుకున్నాం.

అక్షరాలు చెక్కడానికి వాళ్ళ దగ్గర రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి ఉలితో చేత్తో చెక్కడం. రెండోది, కంప్యూటర్‌లో అక్షరాలు పేర్చి, రబ్బరు షీటు మీద మిషన్‌తో కోసి, ఆ షీటును రాయికి అంటించి, ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టడం. షీటు ఉన్న చోట రాయి అలాగే ఉంటుంది, కోసిన చోట గుంట పడుతుంది. ఆ గుంటలో రంగు నింపుతారు. చేతిపనికి రేటు దాదాపు రెట్టింపు. మేం అక్షరాలు ఇసుకతో, బొమ్మ చేత్తో చేయించాం. రంగు విషయంలో ఒక మాట: అందరూ బంగారు రంగు అడుగుతారు. ఎండకు రెండు మూడేళ్ళలో అది మట్టి రంగులోకి తిరుగుతుందని మేస్త్రే చెప్పి తెల్ల ఎనామిల్ వేయించాడు. మా పక్క సమాధి మీద బంగారు అక్షరాలు చూశాక ఆ మాట నిజమేనని అర్థమైంది.

ఇక్కడ లెక్క అక్షరానికి ఇంత అని. ఒంగోలులోనే ఇంకో షాపులో ఒత్తును విడి అక్షరంగా లెక్కేస్తామన్నారు. అలాగైతే "క్రీస్తు" అన్న మాటకే రెండక్షరాలకు బదులు నాలుగు. ఇక్కడ అలా కాదు, ఒత్తులు, గుణింతాలు అన్నీ కలిపి ఒకటే. మనవాళ్ళ సమాధుల మీద బైబిల్ వాక్యం లేకుండా ఉండదు కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు.

వాక్యం దగ్గరే అసలు కథ నడిచింది. మేస్త్రి నుదుటి మీద మూడు విభూతి రేఖలు ఉంటాయి, షెడ్డులో అయ్యప్ప స్వామి పటం ఉంటుంది. కానీ బైబిల్లో సమాధులకు పనికొచ్చే వచనాలన్నీ ఆయనకు అంకెలతో సహా నోటికొచ్చు. "యోహాను పదకొండు ఇరవై అయిదు పెట్టమంటారా? ప్రకటన పద్నాలుగు పదమూడు? ఆటగాడంటున్నారు, రెండో తిమోతి నాలుగు ఏడు పెట్టుకోండి, అందులో పరుగు ఉంది" అని హోటల్లో టిఫిన్లు చదివినట్టు చదివాడు. తిమోతి వచనం నాకూ తమ్ముడికీ నచ్చింది. పిన్ని ఒప్పుకోలేదు. మా శ్మశానంలో సగం రాళ్ళ మీద అదే ఉందట, అదీ నిజమే. ఆమె ముందే అనుకుని వచ్చింది: 121వ కీర్తన, "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను".

బాబాయికి అంతకన్నా సరిపోయే మాట లేదు. సాగర్ కుడి కాలవ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. పగలంతా కాలవ గట్ల మీద తిరిగి, సాయంత్రం మళ్ళీ ఎక్కడికో అక్కడికి బయల్దేరేవాడు. ఇంట్లో నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఆయనకు ఊపిరి ఆడదు. గుండ్లకమ్మ రిజర్వాయరు దగ్గర గాలం వేసుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. మమ్మల్ని కూడా తీసుకెళ్ళి, మాట్లాడితే కొరమేను పారిపోతుందని దబాయించేవాడు. వేసవిలో కొత్తపట్నం సముద్రం, చలికాలంలో నల్లమల. కంభం చెరువు కట్ట మీద మమ్మల్ని నడిపిస్తూ, కాలవల డిపార్టుమెంటు మనిషి కాబట్టి, వందల ఏళ్ళ కింద రెండు కొండల నడుమ కట్ట వేసి అంత నీరు ఆపినవాళ్ళను మెచ్చుకోవడం ఆపేవాడు కాదు. ఆదివారం మాత్రం గాలం ముట్టడు. ఆ రోజు గుడి, ఆ తర్వాత పిన్ని చేసే కోడికూర, ఆ తర్వాత నిద్ర.

జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కడం మా ఇంట్లో తప్పనిసరి. 1854లో అదే రోజు అమెరికా మిషనరీ జ్యూవెట్ దొర, ఆయన భార్య, మరికొందరు ఆ కొండెక్కి ప్రార్థన చేశారని మా సంఘంలో చిన్నపిల్లలు కూడా చెప్తారు. కొండ ఎత్తేమీ కాదు, అయినా బాబాయి పరుగున ఎక్కి పైన నిలబడి, ఆయాసపడుతూ వచ్చేవాళ్ళను లెక్కపెట్టేవాడు. మా వంశానికి కాలవల ఉద్యోగం కరువు రోజుల నుంచి వస్తోందని ఆయన జోకు. 1876-78 కరువులో ఇక్కడి మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు పని ఇచ్చాడు. మా తాతకు తాత ఆ మట్టి మోసినవాళ్ళలో ఒకడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆ నీళ్ళలో ఆయన కూడా ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. బాబాయికి ఆ నది మీద అంత మమకారం చేపల కోసమేనా, ఇందుకు కూడానా అంటే నవ్వి ఊరుకునేవాడు.

సరే, షాపుకు వద్దాం. పిన్ని వచనం చెప్పగానే మేస్త్రి పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, ఒకటో వచనం ఒక్కటే పెడితే ప్రశ్న దగ్గర ఆగిపోద్ది. 'నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును' అని రాయి మీద వదిలేస్తే చదివేవాళ్ళకు బాగుండదు. రెండోది కూడా పెట్టాల." రెండో వచనంలో "భూమ్యాకాశములను సృజించినవాడు" ఉంది, అక్షరాల బిల్లు పెంచుకునే ఎత్తు అనుకున్నాను. బ్యాంకు ఉద్యోగం కదా, అనుమానం ముందు పుడుతుంది. బిల్లు వేసేటప్పుడు చూస్తే రెండో వచనానికి డబ్బులు వేయలేదు. అడిగితే, "నేనే పెట్టమన్నా గదమ్మా" అన్నాడు.

ప్రూఫ్ చూపించే పద్ధతి ఈ షాపులో నాకు బాగా నచ్చింది. నేను ఫోన్‌లో టైపు చేసి పంపిన మాటలు వాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే ఒత్తులన్నీ విడిపోయి "మ్యా" కాస్తా పొల్లు, యా వేరువేరుగా వచ్చాయి. అక్కడ డిజైన్ చేసే అమ్మాయి మొత్తం పాత ఫాంటులో మళ్ళీ కొట్టింది. కొట్టిన దాన్ని రాయి ఎంత ఉంటుందో అంత కాగితం మీద ప్రింటు తీసి నేల మీద పరిచారు. నిలబడి చూడు, కూర్చుని చూడు, ఇంటికి తీసుకెళ్ళి చూడు అన్నారు. ఇంటికి తెచ్చి హాల్లో గోడకు అంటించాం. "సృజించిన"లో వట్రసుడి ఎగిరిపోయి "సజించిన" అయిందని పిన్ని కనిపెట్టింది. స్క్రీన్ మీద మేమెవ్వరం చూడలేదు. ఇంకే షాపులోనైనా సరే, అసలు సైజు కాగితం ఇవ్వమని పట్టుబట్టండి. రాయి మీద తప్పు పడితే దిద్దడం ఉండదు, పైపొర మొత్తం అరగదీసి మళ్ళీ పాలిష్ పెట్టాలి.

ఇప్పుడు రాయి మీద చెక్కించిన బ్యాటు బొమ్మ సంగతి. బాబాయి కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. ఒంగోలులో డిగ్రీ చదువుతూ నాగార్జున యూనివర్సిటీ జట్టులోకి వెళ్ళాడు, 1982, 83 ప్రాంతంలో. సెంటర్ ఆటగాడు. మా తరం దాకా వచ్చేసరికి ఈ ఆట పల్లెల్లో కూడా తగ్గిపోయింది గానీ అప్పట్లో సాయంత్రం అయితే సున్నం గీతల కోర్టు లేని ఊరు లేదంటారు. పక్కకు అయిదుగురు, పసుపు పచ్చ ఉన్ని బంతి, అప్పట్లో గేముకు 29 పాయింట్లు. ఆరుబయట ఆట కాబట్టి గాలిదే సగం ఆట. బంతి తేలిక, గాలి ఎటు ఉంటే అటు లాగుతుంది. సముద్రపు గాలి మీద ఆడి పెరిగినవాడికి లోపలి జిల్లాల వాళ్ళు సరిపోరని బాబాయి గొప్పలు పోయేవాడు. ఈ ఆటకు 1970లోనే అర్జున అవార్డు తెచ్చిన వరంగల్ పిచ్చయ్యగారి గురించి పేపరులో వచ్చిన ముక్క ఒకటి ఆయన పర్సులో చాలా ఏళ్ళు మడిచి ఉండేది.

రాయి మీద బ్యాటు, బంతి ఉండాలని తమ్ముడి కోరిక. షాపులో బొమ్మల ఆల్బం ఉంది. పావురాలు, తెరిచిన బైబిలు, సిలువలు రకరకాలు, ట్రాక్టరు, లారీ, స్టెతస్కోపు. ఆటల్లో క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, షటిల్ బ్యాటు, ఈకల కాకు. పనిచేసే కుర్రాడు షటిల్ బొమ్మ చూపించి ఇదేగా అన్నాడు. తమ్ముడికి కోపం వచ్చింది. "ఇది వేస్తే మా నాన్న లేచొస్తాడు" అన్నాడు. పిన్ని నవ్వింది. ఫిబ్రవరి తర్వాత బయటి మనుషుల ముందు ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

మరుసటి రోజు అటక మీది అసలు బ్యాటు పట్టుకెళ్ళాం. చెక్క ఫ్రేము, గట్ రెండు చోట్ల తెగి ఉంది, పిడికి చుట్టిన గుడ్డ నల్లబడి గట్టిపడింది. పెద్ద మేస్త్రి దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. తను కూడా చీమకుర్తి హైస్కూల్లో ఆడానన్నాడు. ఆ తర్వాత బొమ్మ ఎవరికీ ఇవ్వలేదు. బ్యాటును రాయి మీద పడుకోబెట్టి సుద్దతో చుట్టూ గీసి, తనే ఉలితో చెక్కాడు. గళ్ళు ఒక్కొక్కటీ చేత్తోనే. తెగిన చోట్లు కూడా తెగినట్టే చెక్కాడు. ఉన్ని బంతి ఊరికే గుండ్రంగా గీస్తే నిమ్మకాయలా ఉంటుందని, దాని మీద సన్నగా పోగులు తీశాడు. ఈ పనికి 3,500 తీసుకున్నాడు. ఇంకా ఎక్కువ అడిగినా ఇచ్చేవాళ్ళం. కుర్రాడి చేతికి ఇచ్చి ఉంటే నేను ఈ రివ్యూ వేరేలా రాసేదాన్ని కాబట్టి, బొమ్మ పని ఉంటే పెద్దాయన ఉన్నప్పుడే వెళ్ళండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయన ఇంటికి భోజనానికి వెళ్ళి పడుకుంటాడు.

పేర్ల దగ్గర మేస్త్రి ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు. భార్య పేరు, కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు. నా వైపు తిరిగి "నువ్వు ఏమవుతావమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పిన్ని, "పెద్ద కూతురు. ముందు దాని పేరు రాయండి" అంది. తమ్ముడు తల ఊపాడు. అంతే, పని ముందుకు సాగింది. ఇక్కడ షాపుకు మార్కులు ఎందుకంటే, ఇంటిపేరు వేరేగా ఎందుకుంది అని గానీ, ఇంకేదైనా గానీ ఎదురు ప్రశ్న వేయలేదు. (నాది పెళ్ళి తర్వాతి ఇంటిపేరు, ఆయనకు తెలిసే అవకాశం లేదు.)

ఇక బాగా లేనివి.

ఫొటో పలక దండగ. లేజరు పని వాళ్ళు చేయరు, బయట ఇంకొకరికి పంపుతారు. పలక వచ్చాక పిన్నికి చూపిస్తే "ఈయనెవరు?" అంది. నుదురు వెడల్పయింది, మీసం బూడిద పూసినట్టు తెల్లగా వచ్చింది. ఇచ్చింది స్టూడియోలో దిగిన పెద్ద ఫొటోనే, ఫోన్‌లో పంపింది కాదు. మళ్ళీ చేయిస్తామన్నారు, వద్దన్నాం. సగం డబ్బు వెనక్కిచ్చారు, మొత్తం ఇచ్చి ఉండాల్సింది. ఫొటో తప్పక కావాలనుకుంటే పింగాణీ బిళ్ళ మీద కాల్చి చేసేది వేరే చోట చేయించి తెచ్చుకోండి, పొదగడానికి గుంట వీళ్ళు తవ్విస్తారు. మా రాయిలో ఫొటో కోసం అనుకున్న చోటికి బ్యాటును జరిపారు. చూడటానికి ఇలాగే బాగుంది.

టైముకు ఇవ్వరు. దసరాకు అన్నారు, దసరా పోయింది. సమాధుల పండుగకు నెల ముందు నుంచి షెడ్డు ముందు కార్లు, ఆటోలు బారులు తీరతాయి, ఎవరు ఎదురుగా కూర్చుంటే వాళ్ళ రాయి ముందు కదులుతుంది. పిన్ని ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి కూర్చుంది. అలా నవంబరు 1 సాయంత్రానికి రాయి చేరింది. నాకైతే ఆ వారమంతా ఆఫీసులో టెన్షనే.

బిగించడం కూడా అంత శుభ్రంగా లేదు. పై పలక ఒక మూలకు కాస్త వాలింది, వాన పడితే కాళ్ళ వైపు నీళ్ళు నిలుస్తున్నాయి. ట్రాక్టరు కిరాయి, దించే మనుషుల కూలి బిల్లులో కలపలేదని అక్కడికొచ్చాక చెప్పారు. రాళ్ళు, అక్షరాలు, బ్యాటు, సిమెంటు పని కలిపి 46,000, ఈ పై ఖర్చు ఇంకో 4,500. ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి షాపు తప్పు కాదు గానీ తెలిసి ఉంటే మంచిది. నల్ల రాయి మధ్యాహ్నం ఎండకు చెయ్యి పెట్టనివ్వదు. పూలు గంటలో వాడిపోతాయి. కొవ్వొత్తుల మైనం అంటుకుంటే గీకవద్దు, గీతలు పడతాయి. వేడినీళ్ళు పోసి గుడ్డతో తుడవమన్నాడు మేస్త్రి. నిమ్మరసం, యాసిడ్ లాంటివి దగ్గరికి రానివ్వద్దన్నాడు.

తలరాయి మేం జంటది తీసుకున్నాం. ఎడమ సగం బాబాయిది, కుడి సగం ఖాళీ. చాలామంది ఇలాగే చేయిస్తారు, రాయి ఒకేసారి కొంటే కలిసొస్తుంది. డబ్బులు కట్టేటప్పుడు పిన్ని మేస్త్రిని అడిగింది, తన సగం చెక్కేటప్పుడు అక్షరం రేటు ఎంతని. తమ్ముడు "అమ్మా, ఇప్పుడెందుకు" అంటున్నా వినలేదు. ధరలు పెరుగుతాయి, ఇప్పుడు చెప్పలేనన్నాడు ఆయన. అయితే మిగతా రెండు వేలు అప్పుడే ఇస్తానంది. కాసేపు బేరం నడిచింది. చివరికి, తను షాపు నడిపినన్నాళ్ళూ ఇదే రేటు అని బిల్లు వెనక రాసి సంతకం పెట్టాడు. మీకూ అలా రాసిస్తాడేమో అడిగి చూడండి. మా పిన్నిని వెంట తీసుకెళ్తే పని తేలిక.